ఆయమ్మ జ్ఞానస్నానం

మా ఉపదేశి మాస్టారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ లెక్కలు చెప్పారు, రిటైరయ్యాక దేవుణ్ణి చెబుతున్నారు. రెండింటికీ గొంతు ఒకటే. ఆదివారం పూజ అయ్యాక గుడి వెనక గదిలో క్లాసు. భద్రమైన అభ్యంగనానికి, అంటే చిన్నప్పటి జ్ఞానస్నానాన్ని తైలంతో స్థిరపరుచుకోవడానికి, సిద్ధపడే టీనేజీ పిల్లలు ముందు బెంచీల్లో, జ్ఞానస్నానం తీసుకోబోయే పెద్దవాళ్ళం వెనక బెంచీల్లో కూర్చునేవాళ్ళం. నేను టాక్సీ నడుపుతాను. చేసుకోబోయే పిల్ల కోసం చేరినవాణ్ణి కాబట్టి నా భక్తి ఏపాటిదో మాస్టారికి మొదటిరోజే అర్థమైపోయింది.

నా పక్కన ఆయమ్మ కూర్చునేది. కాన్పుల ఆసుపత్రిలో ఆయా పని చేసీ చేసీ నడుం వంగిన మనిషి. పిల్లలు ఆమెను ఆటపట్టించేవాళ్ళు, పాఠం రానప్పుడు మళ్ళీ ఆమె వెనకే దాక్కునేవాళ్ళు. ఆమెను క్లాసులో చేర్పించింది ఆ గుడికే వచ్చే టైలరమ్మ. చుట్టం కాదు, అయినా నోరారా "అక్కా" అంటుంది. ఆ వరస ఎలా కలిసిందో ఆయమ్మే నాకు చెప్పింది.

టైలరమ్మకి నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. పిల్లకి ఊపిరి అందడం లేదు. నర్సు డాక్టరు కోసం పరిగెత్తింది. తెర ఇవతల ఆయమ్మ చేతుల్లో పిల్ల, తెర అవతల లేవలేని తల్లి. "అక్కా, దానికి జ్ఞానస్నానం ఇవ్వు, నీళ్ళు పొయ్యి" అని తల్లి బతిమాలింది. ఆయమ్మ పోసింది. అయిందా అని అడిగితే అయిందమ్మా అంది. కాసేపటికే పిల్ల పోయింది. టైలరమ్మకి మళ్ళీ కడుపు పండలేదు. బిడ్డ దేవుడి బిడ్డగానే వెళ్ళిందన్న మాట పట్టుకుని బతుకీడ్చింది. నా బిడ్డకి తలుపు తీసినదానివి, నువ్వే బయట ఉంటే ఎలా అక్కా అని పోరి పోరి ఆయమ్మను క్లాసుకు తెచ్చింది. జ్ఞానస్నానమప్పుడు భుజం మీద చెయ్యేసి నిలబడే జ్ఞానతల్లి తనే అవుతానంది.

ఒక ఆదివారం మాస్టారు ఆ పాఠానికే వచ్చారు. ప్రాణం పోయే వేళ ఎవరైనా, క్రైస్తవులు కానివాళ్ళయినా, జ్ఞానస్నానం ఇవ్వవచ్చట. కాకపోతే నీళ్ళు పోస్తూ పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున అనాలి. ముందు బెంచీలో ఒక గడుగ్గాయి పిల్ల లేచి, ఆ మాటలు అనకపోతేనో అంది.

"అప్పుడది జ్ఞానస్నానం కాదు, తల తడపడం" అన్నారు మాస్టారు.

పిల్లలంతా గొల్లుమన్నారు. ఆయమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. టైలరమ్మ బిడ్డకి నీళ్ళు పోసిన రోజు ఆమె అన్నవి ఆ మాటలు కావు. ఆమెకి అవి తెలియనే తెలియవు. పుట్టిన ప్రతి బిడ్డకీ నీళ్ళు పోస్తూ అనేదే అంది: భయం లేదు బంగారూ, నేనున్నాగా.

క్లాసు అయ్యాక ఫాదరు దగ్గరికి నన్నూ లాక్కెళ్ళి ఉన్నదంతా చెప్పింది. ఫాదరు మంచివాడు. దేవుడు మాటలు లెక్కపెట్టి పసిబిడ్డను తోసెయ్యడనీ, ఆ తల్లి మొర ఆయన విన్నాడనీ చెప్పాడు.

"దేవుడికి తెలుసు, సరే. ఆ తల్లికి తెలీదుగా ఫాదర్" అంది ఆయమ్మ.

టైలరమ్మకి చెప్పేస్తానంటే దారిలో నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళుగా ఉన్న ఆ కాస్త ఊరటా లాగేసుకుంటావా, నోరు మూసుకుని ఉండలేవా అని కోప్పడ్డాను.

"నా భుజం మీద చెయ్యేసి నిలబడతానంటోంది నాయనా. అబద్ధం చెప్పి వేయించుకోనా?"



క్లాసు పూర్తిచేసినవాళ్ళ పండగ రోజు వచ్చింది, మా జ్ఞానస్నానం ఆ రోజే. పిల్లలు గుడి నిండా రంగు కాగితాలు కట్టారు. పక్కగదిలో తెర అవతల ఆడవాళ్ళు, ఇవతల మేము తెల్లబట్టలు వేసుకుంటున్నాం. ఆయమ్మ అంగీ టైలరమ్మే కుట్టింది, వీపు మీద బొత్తాలు తనే పెడుతోంది. అప్పుడు చెప్పేసింది ఆయమ్మ, ఆ మాటలు తను అనలేదని.  తెర అవతల ఎవరో వెళ్ళిపోతున్న అడుగులు వినబడ్డాయి. ఆయమ్మ మెడ వెనక బొత్తం పెట్టకుండానే బయటికి వచ్చింది. మిగతా ఆడవాళ్ళెవరూ పెట్టడానికి ముందుకు రాలేదు.

ఆమె వంతు వచ్చింది. జ్ఞానతల్లి ఏదని ఫాదరు అడిగాడు. ఎవరూ కదల్లేదు. ఆయమ్మ తల దించుకుని ఒంటరిగా నిలబడింది.  మాస్టారు తన భార్యను లేవమని సైగ చేశారు. ఆవిడ లేచేలోగా చివరి బెంచీలోంచి టైలరమ్మ వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది. ఎవరినీ చూడకుండా ఆయమ్మ భుజం మీద చెయ్యి వేసింది. ఫాదరు నీళ్ళు పోస్తూ ఆ మాటలన్నీ అన్నాడు, ఒక్కటీ పొల్లుపోకుండా.

చప్పట్లు మోగాయి. పిల్లలు ఆయమ్మా అని ఈలలు వేశారు. తల తుడవాల్సింది జ్ఞానతల్లే. టైలరమ్మ తువ్వాలు విప్పింది. తర్వాతి వంతు నాది, పక్కనే ఉన్నాను కాబట్టి వినబడింది.

"ఆ రోజు చన్నీళ్ళు పోశావా అక్కా?"

"లేదమ్మా. వేణ్ణీళ్ళు కలిపి, నా చేతిమీద పోసుకు చూశాకే పోశా."

 ఆయమ్మ తలమీద ఉన్నవే నాలుగు నెరిసిన వెంట్రుకలు, ఎప్పుడో ఆరిపోయాయి. టైలరమ్మ తుడుస్తూనే ఉంది.