ముయ్యకూడని కంత

కంప్యూటర్ తెరమీద ఎర్రగీత కనబడితే రక్షితకు ఒళ్లు మండుతుంది. చాంపియన్ రీఫ్స్‌లో శశికుమార్ నడిపే చిన్న డిజైన్ ఆఫీసులో ఆమె పని ఆ గీతలతోనే. ఎవరో ఏదో వస్తువును స్కాన్ చేసి పంపిస్తారు. దాని పైపొర తెరమీద కుట్లు ఊడిన రవికెలాగా ముక్కలు ముక్కలుగా వస్తుంది. అంచుకు అంచు కలవని చోటల్లా సాఫ్ట్‌వేర్ ఎర్రగీత గీస్తుంది. ఒక్క సందు మిగిలినా దాన్ని ప్లాస్టిక్‌లో అచ్చు తీసే త్రీడీ ప్రింటర్ మొరాయిస్తుంది. రక్షిత అంచులను లాగి కలుపుతుంది, కలవనిచోట కొత్త ముక్క వేసి నున్నగా అతుకుతుంది. గీతలన్నీ పోయేదాకా టీ కూడా ముట్టదు. బైరకూరు నుంచి వచ్చిన ఈ పిల్లకు ఇంత మొండితనం ఎక్కడిదని శశికుమార్ ఆశ్చర్యపోతాడు. వాళ్ల తాతను చూసుంటే ఆ అనుమానం వచ్చేది కాదు.

తాత చిక్కవెంకటప్ప, రక్షిత అమ్మకు నాన్న. ఊళ్లో బంగారు గని నడిచిన రోజుల్లో భూమి అడుగున రాయికి డ్రిల్లు పట్టినవాడు. గని మూతపడింది, కంపెనీ ఇచ్చిన లైను ఇల్లు మిగిలింది, చెవులు మాత్రం పోయాయి. ఉద్యోగానికొచ్చిన మనవరాలు ఆయన దగ్గరే ఉంటోంది. ఆయనకు చెవి మిషను ఉంది గానీ, దాన్ని చెవిలో నిలబెట్టే ప్లాస్టిక్ అచ్చు వదులైపోయి, సందుల్లోంచి శబ్దం బయటికొచ్చి కీచుమని ఈల వేసేది. టీ అంగడి బెంచీ మీద స్నేహితుడు అంజినప్ప "ఏమప్పా, చెవిలో కుక్కరు పెట్టుకోనొచ్చినావా" అన్నాడు. అంతే, మిషను బియ్యం డబ్బాలో పడింది, తాత బెంచీ మానేశాడు. ఊరంతటి నోరున్న మనిషి పొద్దస్తమానం గడపలోనే కూర్చోవడం రక్షిత చూడలేకపోయింది.

"కొత్త అచ్చు నేను చేసిస్తా తాతా" అంది ఎదురుగా నిలబడి.

"ఇదే కడాసారి. ఇదీ ఈల ఏసిందంటే ఇంగ మిషనూ వద్దు, బెంచీ వద్దు" అన్నాడాయన.

చెవి డాక్టరు దగ్గర తాత చెవి కొలతకు తీయించిన ముద్దను, పాత అచ్చులోని గొట్టం దారిని స్కాన్ చేసి తెరమీద రెంటినీ కలిపి ఒకటి చేసింది. చెవిలో ఇన్ని మెలికలుంటాయని ఆమెకు అప్పటిదాకా తెలియదు. చిన్నాచితకా సందుల్ని చూసీచూడనట్టు దానంతటదే కలిపేసే వీలు సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఈల భయంతో ఆమె ఒక్కటీ దానికి వదల్లేదు. ఆఖరికి చెవి లోపలికి పోయే కొనమీద ఒక గుండ్రటి ఎర్రగీత మిగిలితే దానికీ పల్చటి ముక్క వేసేసి, హాయిగా ఊపిరి పీల్చుకుంది.

అచ్చు తయారైంది. మిషనుకు తగిలించి తాత చెవిలో పెట్టింది. ఈల రాలేదు.

"ఇనపడతా ఉండాదా తాతా?"

"బ్రమ్మాండంగా. నీ గొంతు ఇంత బాగుంటాదని నాకు తెలీనే లేదమ్మా."

మర్నాడు రక్షిత ఆఫీసంతా మైసూరుపాకు పంచింది. అది అరిగేలోపే కథ అడ్డం తిరిగింది. తాత గడపలో కూర్చుని వీధి చూస్తున్నాడు. వెనక పొయ్యి దగ్గర్నుంచి, "రాగిముద్దలోకి ఏం సారు చేసేది తాతా?" అని అడిగింది. పలకలేదు. గట్టిగా అడిగింది. ఊహూఁ. అనుమానమొచ్చి ఎదురుగా వచ్చి, గొంతు బయటికి రానీకుండా పెదాలు మాత్రం కదిపింది, ఆకుకూర వేసి సొప్పుసారు చేసేదా అని.

"చెయ్యమ్మా. బాగా ఇనపడింది" అన్నాడు తాత.

డ్రిల్లు మోతలో గొంతులు పనికిరావు. గని లోపల పనిచేసినవాళ్లంతా పెదాలు చూసి మాట్లాడుకున్నవాళ్లే. రక్షిత అచ్చు తీసి వెలుతురుకు పట్టింది. కొన మూసుకుపోయి ఉంది. ఆ గుండ్రటి గీత ఉన్నచోటే శబ్దం చెవిలోకి పోయే దారి. తన చేత్తో తనే దానికి మూత వేసింది.

"అబద్ధం ఎందుకు చెప్పినావు తాతా?"

"ఈల రాలేదు గదమ్మా. నువ్వు కష్టపడి చేసినావు. బాగలేదని యా నోటితో చెప్పేది?"

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఆఫీసుకు పోయి ముందు ఆ ముక్క పీకేసింది. కంత అంచును లోపలి గొట్టం గోడకు కలిపి అతికింది. ఎర్రగీత పోయింది, కంత మాత్రం ఉండిపోయింది. శశికుమార్ ఇంకో అచ్చు తీసిచ్చి, మైసూరుపాకు ఈసారి తాతకు వినపడ్డాకే పంచమన్నాడు.

తాత అది పెట్టుకుని మళ్లీ గడపలో వీధివైపు తిరిగి కూర్చున్నాడు. అడిగితే మళ్లీ బ్రమ్మాండమే అంటాడు. అందుకని రక్షిత అడక్కుండా వెనక గిన్నెలు తోముతూ తనలో తను గొణుక్కుంది.

"ముసలాయనకి ఇన్ని అబద్ధాలు ఎవురు నేర్పినారో."

"మీ అవ్వ" అన్నాడు తాత, వెనక్కి తిరక్కుండానే. "నా చెప్పులు యాడ పెట్టినావమ్మా? అంజినప్పతో కొంచెం పనుండాది."