ఆరాధన చూపు

దర్శి దగ్గర మిరపచేలల్లో కాయలు కోసే సువార్తమ్మకు పెళ్లైన చాన్నాళ్లకు ఆరాధన పుట్టింది. పసిబిడ్డకు మొదట్లో అంతా మసకగానే ఉంటుందని, రెండు మూడు నెలలకు తల్లి ముఖం చూసి నవ్వుతుందని నర్సు చెప్పింది. మూడో నెల దాటినా ఆరాధన తల్లిని చూసి నవ్వలేదు. ముఖం ముందు ఎర్రగుడ్డ ఊపినా కళ్లు కదలలేదు.

తన చేతుల మిరప ఘాటే బిడ్డ కళ్లు తీసేసిందని సువార్తమ్మ అనుకుంది. బిడ్డను ముట్టుకోవడానికే జంకేది. అత్తగారే ఎత్తుకొచ్చి పాలకు ఒళ్లో పడుకోబెట్టేది.

ఒంగోలులో కంటి డాక్టరమ్మ లైటు వేసి చూసింది. "మిరపకాయల వల్ల కాదమ్మా. పుట్టుకతోనే రెండు కళ్లలో శుక్లాలున్నాయి. ఆపరేషన్ చేయాలి."

"ఇంత పసిదానికా అండీ? కాస్త పెద్దదయ్యాక చేయిద్దామండీ."

"ఆగకూడదు. మెదడు చూడటం నేర్చుకునేది ఈ నెలల్లోనే. ఇది దాటితే కన్ను బాగుపడినా చూపు సరిగా రాదు."

ఆపరేషన్ గది తలుపు మూసుకున్నాక సువార్తమ్మ దాని ఎదురుగానే కూర్చుంది.

తర్వాత బిడ్డకు మందపాటి కళ్లద్దాలు పెట్టారు. కొన్ని వారాలకు ఒక పొద్దున ఆరాధన తల్లి చెవికమ్మ కోసం చెయ్యి చాచింది. సువార్తమ్మ పక్కకు జరిగితే చూపు కూడా వెంట వచ్చింది. ఆమె బిడ్డను గుండెకు హత్తుకుని ఏడ్చింది.

ఇప్పుడు ఆరాధన ఎల్‌కేజీ. కుడికన్ను ఇంకా బలహీనమే. దానికి పని నేర్పడానికి రోజూ కాసేపు ఎడమకంటికి పట్టీ వేస్తారు. చూపు కుదురుకోవడానికి పిల్లకు ఏడెనిమిదేళ్ల వయసు రావాలట. అందాకా పిల్ల గడప తట్టుకున్నా సువార్తమ్మ గుండె జారిపోతూనే ఉంటుంది.