కాకి తన్నింది నన్ను

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో ఒక కాకి నా తలను తన్నింది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ నాలుగు ముక్కలు రాసుకునే డైరీలో కూడా రాయలేదు. మా వీధిలో ఎవరినడిగినా కాకి తన్నింది మా అవ్వను అనే చెబుతారు. మా అమ్మా, మా నాయనా ఇప్పటికీ అదే నమ్ముతున్నారు. పోయిన ఎండాకాలంలో మా అవ్వ కన్నుమూసింది. ఇక చెప్పినా ఆమెకు ఇబ్బంది లేదనిపించి ఇప్పుడు రాస్తున్నాను.

మాది మగ్గాల వీధి. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు పరిచి, నూలుకు గంజి పట్టించి, కుంచెతో దువ్వేవారు. ఎండ ముదిరితే గంజి అట్ట కడుతుంది కాబట్టి ఇంటిల్లిపాదీ ఆ పనిలోనే ఉండేవాళ్లం. గంజికుండ పట్టుకుని పెద్దవాళ్ల వెనక నడవడం నా పని. గంజి వాసనకు కాకులు గోడల మీద బారులు తీరేవి.

ఆ ఏడు వానలు లేవు. అమ్మవారు ఊళ్లోకి వచ్చిందని వేపమండలు కట్టిన గుమ్మాలు వారం వారం పెరుగుతున్నాయి. మండ కట్టిన ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు మా అమ్మ నా కళ్లు మూసేది. పక్కవీధిలో నా ఈడు పిల్ల ఒకతి పోయింది. ఆ పిల్లను అంతకు ముందు కాకి తన్నిందట. పెద్దవాళ్లు ఆ మాట గొంతు తగ్గించి చెప్పుకోవడం నేను విన్నాను.

మా వైపు కాకి తలను తన్నిందంటే చావు చెప్పి వస్తున్నట్టు. అమావాస్య లోపల ఆ మనిషి పోతాడని నమ్మకం. దానికి ఒకటే పరిహారం. ఆ మనిషి చనిపోయినట్టు దూరాన ఉన్న బంధువులకు అబద్ధపు కబురు పంపాలి. వాళ్లు నిజమని నమ్మి గుండెలు బాదుకుని ఏడవాలి. ఏడుపంతా తీరాక, కబురు తెచ్చినవాడే వాళ్లను ముఖాలు కడుక్కోమని అసలు సంగతి చెప్పాలి. అప్పుడు చావు తన పని అయిపోయిందనుకుని వెనక్కు మళ్లుతుంది.

ఆ ఉదయం పడుగు చివర నేనూ మా అవ్వా మాత్రమే ఉన్నాము. వెనక నుంచి ఏదో చల్లగా నల్లగా కమ్ముకుంది. నెత్తిన గోళ్లు గీరుకున్నాయి. కుండ జారి గంజి మట్టిలో పారింది. నేను అరవబోయేలోగా మా అవ్వ నా మీద కొంగు కప్పి, ఇంకో చేత్తో తన ముడి విప్పి జుట్టు చెదరగొట్టుకుంది. ఆ తరువాత వీధంతా వినపడేట్టు, "ఒరే నాయినా, దీని కండ్లు కాలిపోను, నా నెత్తిన తన్నె సూడు" అంది.

అందరూ పరిగెత్తుకొచ్చే లోపల వంగి నా చెవిలో చెప్పింది. "నోరు మూసుకో పాపా. ఇది నాది. నీకంటే ముందు మీయమ్మ బయంతోనే సస్తాది. నాకైతే ఇట్లాంటివి పెట్టుకునేకి శానా జాగా ఉంది."

మా అవ్వకు అప్పటికి నోట్లో పళ్లు లేవు. ఎప్పుడో చిన్నతనంలో అమ్మవారు పోసి ముఖమంతా గుంతలు. వాటి గురించి ఎవరైనా జాలిపడితే, గుంతల్లో చెమట నిలిచి ముఖం చల్లగా ఉంటుందని చెప్పేది. పళ్లు పోయాక నోట్లో చోటు పెరిగి మాటలు బాగా తిరుగుతున్నాయనేది. తనకు వయసు పైబడుతున్న సంగతిని ఊరికి కొత్తగా వచ్చిన బంధువు గురించి చెప్పినట్టు చెప్పేది. రోజుకో వింత చేస్తున్నాడు, చూడండి అన్నట్టు ఉండేది.

మా అవ్వ చెల్లెలు ఆదోనిలో, దూదిమిల్లు పక్క సందులో ఉండేది. ఆమెను మేము చిన్నవ్వ అనేవాళ్లం. అబద్ధపు కబురు ఆమెకు పంపాలని తేలింది. మా నాయన బయలుదేరుతుంటే మా అవ్వ కొత్త రవిక తొడుక్కుని గడపలో నిలబడింది. నేనూ వస్తానంది.

మా అమ్మ నెత్తి కొట్టుకుంది. "తన సావు కబురు ఎంబడి తానే పొయ్యేటోళ్లు యాడన్నా ఉంటారా అత్తా?"

"ల్యారు కాబట్టే పోతాండా. నా కోసం ఎట్ల ఏడుస్తారో సూసేకి మల్లా ఎప్పుడు దొరుకుతాది? నిజంగా సచ్చినాక నాకు ఇనపడతాదా?"

నన్ను కూడా వెంట తీసుకుపోయింది. ఎందుకో నాకు తెలుసు. కాకి తన్నినదాన్ని, నన్ను కంటికి దూరంగా వదిలి పోవడం ఆమెకు ఇష్టం లేదు. బస్సులో మా నాయన తల వంచుకుని కూర్చున్నాడు. మా అవ్వ మాత్రం కిటికీ పక్కన కూర్చుని ఎండిన చేలను, దుమ్ములో నిలబడ్డ గొర్రెలను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. నేను నా తల తడుముకుంటూ కూర్చున్నాను. గీరుకున్న చోట రక్తం అట్ట కట్టి ఉంది.

ఆదోనిలో ఆ సందంతా దూది పింజలు గాలిలో తేలుతున్నాయి. గోడల మీద, చూరుల మీద, కాలువల్లో తెల్లగా పేరుకున్నాయి. మిల్లు కూత ఆగినప్పుడు సందు మరీ నిశ్శబ్దమైపోయింది. మా నాయన లోపలికి పోయాడు. నేనూ అవ్వా పక్కగోడ నీడలో, చిన్న కిటికీ కింద నక్కి నిలబడ్డాము.  లోపల నుంచి ఒక కేక. దాని వెంట ఇరుగుపొరుగు ఆడవాళ్ల ఏడుపులు. అన్నింటి మీద, చిన్నప్పుడు రొట్టె మీద వెన్న పెట్టి తినిపిస్తివే అక్కా అని మా చిన్నవ్వ శోకం.

బతికి ఉన్న మనిషి పక్కన నిలబడి ఆ మనిషి కోసం ఏడిచే ఏడుపు వినడం ఎట్లా ఉంటుందో చెప్పడానికి నాకు ఇప్పటికీ మాటలు దొరకవు. మా అవ్వ చెయ్యి పట్టుకుంటే అది వెచ్చగానే ఉంది. అయినా వదిలితే పోతుందేమోనని గట్టిగా పట్టుకున్నాను. ఆమె మాత్రం తల ఊపుతూ, బుర్రకథ వింటున్నదానిలా వింటోంది. అప్పుడప్పుడు నా వైపు వంగి గుసగుసలాడింది.

"రొట్టె పెట్టింది నిజమే. ఎన్న పెట్టలే. దీనికి చిన్నప్పటి నుంచీ కలిపి సెప్పేదే అలవాటు."

తరువాత చిన్నవ్వ గొంతు తగ్గింది. ఎప్పుడూ రమ్మని కబురు పెట్టేదానివే అక్కా, మిల్లు పనని, మనవడని ఒక్క పొద్దు కూడా నేను రాలేకపోతినే అని మామూలు మాటల్లో అంటోంది. మా అవ్వ తల ఊపడం ఆపింది. కాసేపు గోడనే చూసింది. నేను పట్టుకున్న చెయ్యి విడిపించుకుని, నేరుగా వాకిట్లోకి నడిచి, లోపలికి పోయింది. మా నాయన ఇంకా అసలు సంగతి చెప్పలేదు.

ఆడవాళ్లు కెవ్వుమని గోడలకు అతుక్కుపోయారు. ఒకామె పెరటి తలుపులో నుంచి పరిగెత్తింది. మా నాయన నిలబడినచోటే కూలబడ్డాడు. చిన్నవ్వ ఒక్కతే కదల్లేదు. కన్నీళ్లు తుడుచుకోకుండానే పైకి చూసి, "ఇంత బిరీన తిరిగొచ్చినావా అక్కా. కూసో. నీళ్లు తాగుతావా?" అంది. ఎదురుగా ఉన్నది దయ్యమనే అనుకుని అడిగిందని తరువాత తెలిసింది.

మా అవ్వ ఆమె పక్కన కూర్చుంది. "ఏడుపంతా ఇంటిని. బాగుంది. ఎన్న సంగతి ఒకటే అబద్దం."

చిన్నవ్వ అక్క చెయ్యి పట్టి చూసింది. వేడిగా ఉంది. ఆ చేతి మీదే ఫట్టున కొట్టింది. కొట్టి, ఆ చేతినే ముఖానికి అదుముకుంది. ఇద్దరూ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో చూసేవాళ్లకు అర్థం కాలేదు.

అప్పుడు గుమ్మంలో నిలబడ్డ ముసలామె ఒకరు మెల్లగా అన్నారు. "ఏడుపు తీరకముందే సచ్చిన మనిసి ఇంట్లోకొచ్చె. పరిహారం సెడిపాయ. ఇంక దీనికి ఎవురూ ఏమీ చేసేకి లేదప్పా."

ఆ మాటకు నవ్వు ఆగిపోయింది. ఎవరూ మమ్మల్ని భోజనానికి ఉండమనలేదు. చిన్నవ్వ మాత్రం బస్సు దాకా వచ్చి, బస్సు కదిలాక కూడా అక్కడే నిలబడింది.

తిరుగు దారిలో నా భయం రెండింతలైంది. ఏడుపు అవ్వ పేరున జరిగింది, అది కూడా చెడింది. కాకి తన్నింది నన్ను. నా పేరున ఎవరూ ఏడవలేదు. మా నాయన కునుకు తీస్తున్నప్పుడు అవ్వ చెవిలో అడిగాను. "అవ్వా, ఇప్పుడు నువ్వు పోతావా, నేను పోతానా?"

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "వచ్చేటోడు నన్నే అడుగుతాడు. ఇంటికి పెద్దదాన్ని కదా. నేను వానితో మాట్లాడతా. నీకేల?" అంది.

ఇంటికి వచ్చాక అందరూ ఆమెను ఒక రకంగా చూడసాగారు. వాకిట్లోకి వచ్చి పలకరించినవాళ్లు గడప తొక్కకుండా వెళ్లిపోయేవారు. మా అమ్మ పెట్టే సంగటి ముద్ద రోజురోజుకూ పెద్దదైంది. ఆమె మాత్రం నూలు కండెలు చుడుతూ, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అక్షరాలు నేర్పమంది. ఇంత వయసులో ఎందుకని మా నాయన విసుక్కుంటే, వయసొచ్చినాక కాకపోతే తీరిక ఎప్పుడు దొరుకుతుందని అడిగింది. ఇసుకలో వేలితో 'అ' దిద్దింది. అది ముడుచుకుని పడుకున్న పిల్లిలా ఉందని మురిసిపోయింది. నేను ఆమె వేలును చూస్తూ, ఆకాశంలో ప్రతి రోజూ చిక్కిపోతున్న చంద్రుణ్ణి తలచుకునేదాన్ని.

అమావాస్య దగ్గరపడగానే నాకు జ్వరం వచ్చింది. ఒళ్లంతా కాలిపోయింది. వీపు మీద పొక్కులు కనపడ్డాయి. మా అమ్మ వెళ్లి గుమ్మానికి వేపమండ కట్టింది. మా అవ్వ అందరినీ బయటికి పంపేసింది. తనకు ఎప్పుడో పోసింది కాబట్టి మళ్లీ రాదని, పిల్ల దగ్గర తానే ఉంటానని చెప్పింది. వేపాకులు పరిచిన చాప మీద నన్ను పడుకోబెట్టి, నాకూ గుమ్మానికీ మధ్యన కూర్చుంది.

ఆ మధ్యాహ్నాలే నాకు ఎక్కువ గుర్తు. వీధిలో మగ్గాలు ఆగిపోయి ఉండేవి. గుమ్మంలో ఎండ తెల్లగా మండుతుండేది. సగం స్పృహలో ఉన్న నాకు మా అవ్వ మాటలు వినపడేవి. ఆమె నాతో మాట్లాడటం లేదు. గుమ్మం వైపు తిరిగి, ఊరికి కొత్తగా వచ్చిన మనిషిని ఆపి మాట్లాడినట్టు మాట్లాడుతోంది.

"నడిచొచ్చినావా, బండి మీదనా? ఈ ఎండలో ఏంటికప్పా ఇంత అవసరం? మీ ఊళ్లో వానలుండాయా? మీవాళ్లు ఏమి తింటారు? అట్ల నిలబడొద్దు, కూసో. అడగాల్సినవి నాకు శానా ఉండాయి. ఒకటొకటే సెప్పు. పిల్ల నిద్రపోతాంది, దాన్ని లేపొద్దు."

అప్పుడప్పుడు ఆగేది. ఎవరో జవాబు చెబుతుంటే వింటున్నట్టు తల ఊపేది. ఒకసారి పడీపడీ నవ్వింది. నేను కళ్లు తెరిచి ఆమె భుజం మీదుగా చూశాను. గుమ్మంలో ఎండ తప్ప ఏమీ లేదు. కానీ వేపమండ, గాలి లేకపోయినా, కొంచెం ఊగుతోంది. లేదా నా జ్వరంలో అట్లా కనపడి ఉండవచ్చు.

అమావాస్య నాటి సాయంత్రం నాకు చెమట పట్టింది. తరువాత పొక్కులు ఎండిపోయాయి. చెవి కింద నాలుగు గుంతలు మిగిలాయి. మా అవ్వ వాటిని వేలితో తడిమి, ఇంక నాకూ ముఖం చల్లగా ఉంటుందని అంది. ఆమెకు ఏమీ కాలేదు. పేరు రాయడం, బస్సు మీది ఊరి పేరు చదవడం నేర్చుకుంది. చిన్నవ్వ అప్పటి నుంచి నెలనెలా వచ్చేది. ఇద్దరూ వెన్న గురించి పోట్లాడుకునేవారు.

ఆ మధ్యాహ్నాలలో ఎవరితో మాట్లాడావని పెద్దయ్యాక ఒకసారి అడిగాను. ఊరికే పొద్దుపోక అని ఒకసారి చెప్పింది. ఇంకోసారి, వచ్చినాయన మంచోడే, మాటలు తక్కువ అని చెప్పింది. రెండింటిలో ఏది నిజమో నాకు తెలియదు. ఇప్పుడు తెలుసుకోవాలని కూడా లేదు.

నేను ఇప్పుడు బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెబుతున్నాను. నలుగురిలో మాట్లాడాలంటే ఇప్పటికీ గొంతు పెగలదు. మాట్లాడనివన్నీ చదువుకుంటాను, రాసుకుంటాను. మొన్న నాతో పనిచేసే అక్క ఒకరు నా జడలో తెల్లవెంట్రుక చూసి, అప్పుడే వచ్చిందా అని బాధపడుతూ పీకబోయారు. నేను తల పక్కకు తీసుకున్నాను. ఉండనివ్వండి అన్నాను. అంత గట్టిగా నేను ఎవరితోనూ ఎన్నడూ అనలేదు. రాబోయే ఏళ్లంటే నాకు భయం లేదని కాదు. భయం ఉంది. దాని పక్కనే, అందులో ఏముందో చూడాలన్న ఆశ కూడా ఉంది. ఆ ఆశ నాది కాదు, మా అవ్వ నాకు అంటించింది.

పోయిన ఎండాకాలం ఆమె మంచం పట్టినప్పుడు సెలవు పెట్టి ఊరికి పోయాను. చివరి రోజు మధ్యాహ్నం అమ్మ వంటింట్లో ఉంది. నేను మంచం మీద, ఆమెకూ గుమ్మానికీ మధ్యన కూర్చుని నోట్లో నీళ్లు పోస్తున్నాను. నీళ్లు పెదవి పక్క నుంచి కారిపోయాయి. నా కన్నీళ్లు చూసిందో లేదో తెలియదు. మెడ కొంచెం ఎత్తి, నా భుజం మీదుగా చూడటానికి ప్రయత్నించింది. ఆమె కళ్లు చిన్నపిల్ల కళ్లలా వెడల్పయ్యాయి. చేత్తో నన్ను మెల్లగా తోసింది.

"రవ్వంత పక్కకు జరుగు పాపా. ఏమొస్తాందో సూడనీ."