చీమకుర్తి దాకా ఏడవొచ్చు

పెద్దమ్మ పోయింది. సమాధి మట్టి ఆరకముందే, మొన్న ఆదివారం, మన చర్చి పెద్దలు ఆమె పనిని కూడా పాతిపెట్టారు. "ఇకమీదట సంఘం తరఫున జైలుకు ఎవరూ వెళ్ళొద్దు, చెడ్డపేరొస్తోంది" అని ఆరాధనలోనే ప్రకటించారు. నేను లేచి అరిచాను. మా అమ్మ నా చొక్కా పట్టి కూర్చోబెట్టింది. అందుకే రాస్తున్నాను. కాగితానికి చొక్కా ఉండదు.

మా అమ్మకు అక్క ఆమె, ఊరందరికీ పెద్దమ్మే. వారమంతా మిరపకోతకు వెళ్ళేది. శనివారం మాత్రం, మగవాళ్ళు జైల్లో ఉన్న ఇళ్ళ ఆడవాళ్ళను వెంటేసుకుని ఒంగోలు జైలుకు ములాఖత్‌కు బయల్దేరేది. బస్సులో ఆమెది ఒకటే చట్టం.

"చీమకుర్తి దాకా ఎంతైనా ఏడవండమ్మా. ఆ గ్రానైట్ లారీల దుమ్ములో కళ్ళెందుకు ఎర్రబడ్డాయో ఎవుడడుగుతాడు? ఆ ఊరు దాటాక మాత్రం మొహం కడగాలి, పాటెత్తుకోవాలి."

ఎత్తుకునేవాళ్ళు. కండక్టరు టికెట్ మిషను మీద పాటకు తాళం వేసేవాడు.

ఒకసారి ఒకామె, "మా ఆయనకి ఏం చెప్పను పెద్దమ్మా? ఇంట్లో అన్నీ ఏడుపులేగా" అంది.

"మీ గేదె చూడితో ఉంది కదే?"

"ఇంకా ఈనలేదుగా!"

"ఈ వారం ఈనబోతోందని చెప్పు. వచ్చే వారం ఈనిందని చెప్పు. ఒక్క దూడతో రెండు వారాలు సంతోషంగా ఉంటాడు."

ఆ రోజు జైల్లో ఇనుప జాలీ అవతలి నుంచి ఆ మనిషి, "పెయ్యా, దున్నా?" అని కేకేశాడు. "ఇంకా పుడితేగా!" అని ఇవతల ఈమె. కాపలా జవానుతో సహా అందరూ నవ్వారు.

నేనూ వెళ్ళేవాణ్ణి, సంచి నిండా అన్యాయం మీద కరపత్రాలతో. పెద్దమ్మ ఒకటి తీసి, "బాగుందిరా, కాగితం మందంగా ఉంది" అని అందులోనే మాకు వేయించిన శనగలు పోసింది.

చెడ్డపేరు మాట ఆమె ఉన్నప్పుడూ వచ్చింది. "మన ప్రభువునీ కట్టి తీసుకెళ్ళారుగా. ఆ పేరు మనకప్పుడే వచ్చిందయ్యా" అని పెద్దల ఎదుటే పకపకా నవ్వింది.

మా పక్కింటి వదిన భర్త పోయిన వారం జైలుకెళ్ళాడు. ఆమె ఎన్నడూ ఒంటరిగా బస్సెక్కలేదు. ఆదివారం ప్రకటన విని, "ఇక నన్నెవరు తీసుకెళ్తారు, అబ్బాయ్?" అంది.

"మేమంతా, వదినా."

"అంతా అంటే ఎవరెవరు?"

ఆ ప్రశ్న సంఘంలోని మీ అందరికీ పంపుతున్నాను. ఈ సాయంత్రం చూస్తే, వదిన వాళ్ళాయనకిష్టమైన చిలకపచ్చ చీర ఉతికి దండెం మీద ఆరేసింది. గాలికి ఎగిరిపోకుండా వాళ్ళ పాప అంచు పట్టుకుని నిలబడింది.

శనివారం పొద్దున్నే ఆరింటికి, బస్టాపు దగ్గరికి రండి. పెద్దలూ, మీరూ రండి. కిటికీ పక్క సీట్లు మీకే వదులుతాం.