నేను చెప్పని జెల్ల ముల్లు సంగతి

చాలా ఏళ్లుగా ఒక మాట నా లోపల పడి ఉంది. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పాలనిపిస్తోంది. ఇలాంటి బరువు మోసే మనిషి చిక్కి సగమైపోతుందని అనుకుంటాం కదా. నేను చిక్కలేదు. హాయిగానే ఉన్నాను. పెంకుటిల్లు తీసేసి డాబా వేసుకున్నాం. పెరట్లో కొబ్బరి చెట్లున్నాయి. మధ్యాహ్నం అన్నం తిన్నాక కునుకు తీసేంత తీరిక ఉంది. మరి బాధపడుతున్నానా? రోజూ పడుతున్నానంటే అబద్ధమవుతుంది. ఆదివారాలు మాత్రం తప్పించుకోలేను.

అప్పట్లో మలికిపురం అవతల ఒక రొయ్యల షెడ్డు ఉండేది. చెరువుల నుంచి ఐసులో వచ్చిన రొయ్యలకి తల గిల్లి, తొక్క వలిచి, వీపు మీది నరం తీయాలి. ఆడవాళ్లదే పని. నేనూ సుగుణక్కా ఒకే రోజు చేరాం. మాది ఒకే వీధి, ఒకే చర్చి. తోడబుట్టింది కాకపోయినా అక్క అనే పిలుస్తాను. బల్ల ముందు నిలబడితే పొద్దుగూకేదాకా అదే కదలిక, అదే బొటనవేలు, అదే మణికట్టు, చుట్టూ గడ్డకట్టించే నీళ్లు. కిలోకి ఇంత అని కూలి కాబట్టి ఆగాలని ఎవరికీ ఉండదు. సుగుణక్క చెయ్యి మా అందరి చేతుల కంటే చురుకు. కబుర్లు కూడా అంతే చురుకు.

కొన్నేళ్లకి నన్ను బల్ల దగ్గర్నుంచి తీసి సూపర్‌వైజరుని చేశారు. పని బాగా చేశానని కాదు, లెక్క తప్పకుండా రాస్తానని. పొడి చేతులతో ఇంటికి రావడం ఎంత సుఖమో బల్ల దగ్గర నిలబడని వాళ్లకి చెప్పినా అర్థం కాదు. అప్పటికే నా వేళ్లు తిమ్మిరెక్కేవి. జాకెట్టు హుక్కు పెట్టుకోలేక మా అమ్మాయిని పిలిచేదాన్ని. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే పని పోతుందేమోనని.

సుగుణక్కకి నా కంటే ఎక్కువైంది. చేతిలోంచి గ్లాసు జారిపోయేది. నిద్రలో నొప్పికి లేచి కూర్చునేది. అమలాపురంలో డాక్టరుగారు చూసి, ఏళ్ల తరబడి ఒకే పని చేయడం వల్ల మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందనీ, త్వరగా ఆపరేషన్ చేయించకపోతే వేళ్లలో స్పర్శ పోతుందనీ చెప్పారు. పని వల్ల వచ్చిన జబ్బు కాబట్టి నష్టపరిహారం అడగమని కూడా ఆయనే అన్నారు. అక్క అడిగింది. ఆ డబ్బుతోనే ఆపరేషన్. వేరే దారి లేదు.

ఇక్కడ మా చర్చి సంగతి ఒకటి చెప్పాలి. ఆదివారం ఆరాధనలో ఎవరైనా లేచి, దేవుడు తమకి చేసిన మేలు పదిమందిలో చెప్పుకోవచ్చు. సాక్ష్యం చెప్పడం అంటాం. సుగుణక్కకి అదంటే పండగ. ఆవు ఈనినా లేచేది, వెళ్లిపోయిందనుకున్న బస్సు దొరికినా లేచేది. పాస్టరుగారు ముందే "క్లుప్తంగా అమ్మా" అని బతిమాలేవారు. ఆవిడ క్లుప్తం అయ్యేసరికి పిల్లలు నిద్రపోయేవాళ్లు. షెడ్డులో చేరకముందు, ఓ వేసవిలో, జెల్ల చేప బాగుచేస్తుంటే దాని ముల్లు అక్క కుడి అరచేతిలో దిగింది. జెల్ల ముల్లు విషం. చెయ్యి బూరెలా పొంగిపోయింది. రాజోలు తీసుకెళ్లి ఇంజక్షను చేయించింది నేనే. సూది గుచ్చినప్పుడు నా భుజం కొరికేసింది కూడా. వారం తిరక్కుండా తగ్గిపోయింది. తగ్గాక ఊరుకుంటుందా? ఆదివారం నిలబడి, కుడిచేతి నొప్పితో తను ఎంత అల్లాడిందో, దేవుడు దాన్ని ఎలా తీసేశాడో కళ్లనీళ్లతో చెప్పింది. నేను పక్కనే కూర్చుని నవ్వాపుకున్నాను.

నష్టపరిహారం గురించి విచారించడానికి లేబరాఫీసు నుంచి ఒక ఆఫీసరుగారు షెడ్డుకి వచ్చారు. మేనేజరుగారి గదిలో కూర్చోబెట్టి కొబ్బరి బొండాం ఇచ్చారు. నన్ను పిలిచారు. మీరు నమ్మాలి, అబద్ధం చెప్పమని మేనేజరుగారు నాతో అనలేదు. "మీ వీధి ఆవిడే గదండీ, మీకు తెలిసింది చెప్పండి" అన్నారంతే. ఎవరో బలవంతం చేశారని చెప్పుకోగలిగితే ఎంత బాగుండేది.

"పనిలో చేరకముందు ఆవిడ చెయ్యి బాగానే ఉండేదామ్మా?" ఆఫీసరుగారు అడిగారు.

ఉండేదండీ అంటే అయిపోయేది. ఒక్క మాట.

"ముందోసారి నొప్పి చేసిందండీ. మా చర్చిలో అందరి ముందూ చెప్పేరు కూడానండీ, కుడిచెయ్యి నొప్పి దేవుడు తీసేసేడని."

"అదెప్పుడు?"

"ఇక్కడికి రాకముందేనండీ."

"అంటే ఇది పాత నొప్పే, మళ్లీ తిరగబెట్టిందన్నమాట."

"ఆయ్."

జెల్ల ముల్లు మాట నా నాలుక మీద ఉంది. మింగేశాను. నేను చెప్పిన వాటిలో అబద్ధం ఏదో చూపించమంటే ఆ చివరి "ఆయ్" తప్ప ఏదీ దొరకదు, అది కూడా మర్యాదకి అన్నానని సర్దుకోవచ్చు, మేం దేనికైనా ఆయ్ అనేవాళ్లమే కదా అని చాలాకాలం అలాగే సర్దుకున్నాను కూడా. కానీ నాకు తెలుసు. ఆ గదిలో నా కుడిచెయ్యి కొంగు కింద దాచుకుని నిలబడ్డాను. ఆ క్షణంలో నా వేళ్లు తిమ్మిరెక్కే ఉన్నాయి. అక్క నొప్పి ఏమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో ఆ గదిలో నా ఒక్కదానికే ఒంటితో తెలుసు. ఎందుకు చేశాను? షెడ్డు పనివల్లే చేతులు పాడవుతున్నాయని తేలితే అందరి చేతులూ చూస్తారు, నావీ చూస్తారు అనుకున్నానా? మేనేజరుగారికి కోపం వస్తే మళ్లీ బల్ల దగ్గరికి, ఆ ఐసు నీళ్లలోకి పంపేస్తారని భయపడ్డానా? రెండూ నిజమే. రెండూ కలిపినా అక్క చేతికి సరిపోవు.

నష్టపరిహారం రాలేదు. పాత జబ్బు అన్నారు. ఆపరేషన్ ఎంతో ఆలస్యంగా, చెల్లెలి గాజులు తాకట్టు పెట్టి చేయించుకుంది. నొప్పి పోయింది గానీ, బొటనవేలికీ చూపుడు వేలికీ స్పర్శ తిరిగి రాలేదు. ఈరోజుకీ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటుంది.

అయితే ఆవిడ కుమిలిపోలేదు. వాళ్లమ్మాయి టీచరైంది. అక్క బాతుల్ని పెంచుతుంది, వాటిని తిడుతుంది, వాటి గుడ్లు నాకు పంపిస్తుంది. సాయంత్రం నా గుమ్మంలోకి వచ్చి, నేను పెట్టిన టీలో పంచదార తక్కువైందని వంక పెట్టకుండా ఏనాడూ తాగలేదు. మేమిద్దరం ఇంకా ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటాం. ఇదంతా చూసి, చివరికి మంచే జరిగిందిలే అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆవిడ ఓర్చుకుని కట్టుకున్న బతుకుని నా తప్పుకి మాఫీగా రాసుకోవడానికి నాకేం హక్కుంది?

పైగా ఒకటి మాత్రం బాగుపడలేదు. చర్చిలో తను చెప్పుకున్నదే తనకి అడ్డొచ్చిందని, అంతా తేలిపోయాక అక్కకి తెలిసింది. ఎవరు చేరవేశారో తెలియలేదు. విన్నది చర్చి అంతా కదా. ఒకరిని అనుమానించడం పాపం అని ఊరుకుంది. కానీ ఆ తర్వాత ఒక్కసారి కూడా లేచి నిలబడలేదు. అమ్మాయికి ఉద్యోగం వచ్చిన వారం పాస్టరుగారే పేరు పెట్టి పిలిచారు. తల అడ్డంగా ఊపి కూర్చుండిపోయింది. చెయ్యి సంగతి డాక్టర్లు చూసుకున్నారు. ఆ నోరు మూయించింది మాత్రం నేను.

మొన్న ఆదివారం, సాక్ష్యం చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా అని పాస్టరుగారు అడిగినప్పుడు, నేను లేవబోయాను. ఏం చెప్పాలో అనుకోలేదు. కాళ్లే లేచాయి. పక్కనున్న అక్క నా చీర పట్టుకుని కిందికి లాగింది. చెవిలో మెల్లగా అంది:

"వద్దే. నీకు తెలీదు. మన మాట ఎవరు పట్టుకెళ్లి ఎక్కడ వాడతారో."

కూర్చున్నాను. ఆవిడ నన్ను కాపాడాననుకుని నా చెయ్యి నిమిరింది. స్పర్శ లేని ఆ వేళ్లతోనే.

అక్కకి ఇంకా చెప్పలేదు. చెబుతానని మీకు మాటివ్వను. నా మాట మీద నాకే నమ్మకం తక్కువ. కానీ ఇన్నేళ్లకి ఒక చోట రాశాను. అక్కా, పట్టుకెళ్లింది నేను. వాడింది నేను. రాసేశాక వాకిట్లోకి వచ్చి కూర్చున్నాను. ఒళ్లంతా తేలిగ్గా ఉంది. ఈ తేలిక నాకు దక్కకూడనిదేమో. అయినా కాసేపు అలాగే కూర్చున్నాను.