క్షమాపణ చెప్పే ఎలుగుబంటి

పిల్లలకు నీతులు నేర్పే బొమ్మల ఫ్యాక్టరీలో ఆవిడది గొంతు ఉద్యోగం. అందరూ పిన్ని అంటారు. కుందేలు చెవి నొక్కితే "నా దగ్గరున్నది నీకూ ఇస్తా" అనేది ఆవిడే. ఏనుగు తొండం లాగితే "నేనెప్పుడూ నిజమే చెబుతా" అనేదీ ఆవిడే. కుందేలు మాట రికార్డు చేసిన రోజునే, తన టిఫిను డబ్బాలోంచి ఒక్క ముక్క పెట్టమన్న ప్యాకింగ్ అమ్మాయిని చూసి ఠక్కున మూత పెట్టేసింది. ఏం చేస్తాం, కుందేలు వేరు, పిన్ని వేరు.

యజమానేమీ తక్కువ తినలేదు. "మనం అమ్మేది బొమ్మలు కాదమ్మా, సంస్కారం" అంటాడు రోజూ. ఆ సంస్కారం తయారయ్యేది పాత సామాన్ల కొట్టులో. గోడలకు పరుపులు బిగించి, చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేసి, తలుపు మూసేస్తారు. లోపల పిన్ని చెమటలు కక్కుతూ దయ గురించి ముద్దుముద్దుగా మాట్లాడాలి.

అన్నిటిలోకీ గిరాకీ ఎలుగుబంటికి. పొట్ట నొక్కితే చాలు, "తప్పు నాదే. ఇంకెప్పుడూ చెయ్యను. నన్ను క్షమిస్తావా?" అంటుంది. పిన్ని ఆ ముక్కలు ఎంత ఆర్తితో చెప్పిందంటే, వింటూ యజమాని కళ్ళు తుడుచుకున్నాడు. సొంత అక్కకు మాత్రం అందులో ఒక్క ముక్కా చెప్పలేకపోయింది మహాతల్లి.

జరిగిందేమిటంటే, అక్క కంటి ఆపరేషన్‌కు తోడొస్తానని మాటిచ్చి ఈవిడ వెళ్ళలేదు. ఊరికే బద్ధకించింది. అక్క అడిగితే, "ఏ రోజో నువ్వు చెప్పందే నేనెలా వస్తానూ?" అని ఎదురు దబాయించింది. అప్పట్నుంచి అక్క మాట్లాడటం మానేసింది. పిన్నికి పెళ్ళీ పిల్లలూ లేరు, ఉన్న ఒక్క మనిషీ అక్కే. పైకి "పోతే పోనీ" అంటుందిగానీ, ఫోను మోగిన ప్రతిసారీ అక్కేనేమోనని ఉలిక్కిపడుతుంది.

చివరికో మహత్తరమైన ఉపాయం తట్టింది. ఎలుగుబంటినొకదాన్ని అట్టపెట్టెలో పెట్టి అక్కకు పార్సిల్ పంపింది. తన తరఫున అదే చెప్పుకుంటుందట! తెలివి తెల్లారినట్టే ఉంది.

పార్సిల్ అందిన సాయంత్రం ఫోను మోగింది. ఎత్తితే అవతల తన ముద్దు గొంతే. "తప్పు నాదే. ఇంకెప్పుడూ చెయ్యను. నన్ను క్షమిస్తావా?"

ఆ వెనకే అక్క అందుకుంది. "విన్నావుగా? పాపం, ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు చెబుతోంది. క్షమించేశానే దీన్ని. ఇంతకీ ఇదేం చేసింది నన్ను?"

పిన్ని నోరు తెరిచింది. అలవాటు ఎక్కడికి పోతుంది, ఎలుగుబంటి గొంతే వచ్చింది. "తప్పు నాదే..."

"ఛీ, ఆపు! నీ పొట్ట ఎవరు నొక్కారే? నేను ఫోను చేసింది మా చెల్లెలికి."

పిన్నికి ఏడుపు తన్నుకొచ్చింది. ఈసారి పలికిన బొంగురు గొంతు ఏ బొమ్మకూ పనికిరాదు.

"ఏ రోజో నువ్వు చెప్పావక్కా. ముందురోజు మళ్ళీ గుర్తుచేశావు కూడా. నాకే లేవబుద్ధి కాలేదు. అంతే."

అక్క పెట్టేస్తుందేమోనని పిన్ని ఫోనును చెవికి అదుముకుంది.

"ఒక కంటికి కట్టు కట్టి బయటికి పంపారే," అంది అక్క మెల్లగా. "రెండోది నీకు తెలుసుగా, ఆనదు. వచ్చేసుంటావులే అనుకుని గేటు దగ్గర నిలబడ్డాను. పక్కన ఎవరొచ్చి నిలబడ్డా నువ్వేననుకుని చెయ్యి చాపాను."