దేవకుమారి నిలబడిన చోటు

మా కోడలు దేవకుమారి గుంటూరు మిషన్ ఆస్పత్రిలో నర్సు పని నేర్చుకుంది. అమెరికాలోని ఈ నోవై ఊరు వచ్చాక కూడా అదే పని. ఐదడుగులకి అంగుళం తక్కువ. మనిషి చిన్నది, మాట అంతకన్నా చిన్నది, పట్టు మాత్రం ఉడుంపట్టు.

మావాడు దైవాశీర్వాదం కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. వేసవి వస్తే ఇక్కడి ఫ్యాక్టరీల వాళ్ళంతా జట్లు కట్టి బేస్‌బాల్ ఆడతారు. అందులో మావాడి ఘనత బెంచీ అరగదీయడం. దేవకుమారి రెండు వేసవులు రెప్ప వెయ్యకుండా ఆట చూసి, రూల్స్ పుస్తకం నమిలి, పరీక్ష రాసి, 1979లో అంపైర్ అయింది. ఆడదానికి ఇదేం పని అని చర్చిలో కొందరు మూతి తిప్పారు. వాళ్ళలో ఒక్కరికీ బంతి విసిరేవాడెవడో, పట్టేవాడెవడో తెలీదు.

విసిరేవాడు పిచర్. కొట్టేవాడు బ్యాటర్. వాడి వెనక గొంతుక్కూర్చుని పట్టేవాడు క్యాచర్. క్యాచర్ వెనక అంపైర్ నిలబడి, కొట్టకుండా వదిలేసిన బంతి నేలమీద పరిచిన పలక, అదే ప్లేట్, దాని మీదుగా, బ్యాటర్ చంకలకీ మోకాళ్ళకీ మధ్య వచ్చిందో లేదో చెప్పాలి. వస్తే స్ట్రైక్, రాకపోతే బాల్. ఇంతే సంగతి. దీనికే తలకాయలు పగలగొట్టుకుంటారు.

అంపైర్లకి పెద్ద వాల్టర్. గాలి నింపిన పరుపులాంటిది రొమ్ముకి అడ్డం పట్టుకుని, సరిగ్గా క్యాచర్ నెత్తిమీదుగా చూసేవాడు. ఇరవై ఏళ్ళుగా అందరికీ అదే నేర్పాడు. ఆ పరుపు పట్టుకుంటే మా కోడలమ్మాయిలో కళ్ళు తప్ప ఏమీ కనపడేది కాదు. కిందుగా వచ్చే బంతులన్నీ క్యాచర్ తల చాటునే పోయేవి, ఊహించి చెప్పాల్సి వచ్చేది. గ్లాసులో మందు పోస్తే గీతకి సమంగా కన్ను దించి చూసే మనిషి, ఊహించి చెబుతుందా? పరుపు షెడ్డులో పారేసింది. చొక్కా లోపల పల్చటి కవచం కట్టుకుంది. క్యాచర్ భుజం పక్కకి, వాడికీ బ్యాటర్‌కీ మధ్యనున్న సందులోకి జరిగి, మోకాళ్ళు వంచి నిలబడింది. టీవీలో పెద్ద ఆటల్లోనూ కొందరు అలానే నిలబడతారని మాకు తరవాత తెలిసింది.

ఓడినవాళ్ళు ఊరుకుంటారా? బంతికి భయపడి క్యాచర్ చాటున దాక్కుంటోందన్నారు. వాల్టర్ మా ఇంటికి ఫోన్ చేసి, అందరిలా నిలబడకపోతే ఫైనల్లో ప్లేట్ వెనక చోటు లేదన్నాడు. ఆ చోటు ఆ ఏటికల్లా గట్టి అంపైర్‌కే దక్కుతుంది, అప్పటికి అది మా అమ్మాయికే రావాలి. మావాడు సర్దుకుపొమ్మన్నాడు. వాడు పుట్టినప్పటినుంచీ సర్దుకుపోతూనే ఉన్నాడు.

దేవకుమారి సర్దుకోలేదు. శనివారం పొద్దున్నే వాల్టర్‌ని మైదానానికి పిలిచింది. ప్లేట్‌కి అటొకటి ఇటొకటి కర్రలు పాతి, బ్యాటర్ మోకాలి ఎత్తున గేలపు దారం కట్టింది. వెనకనుంచి చూస్తే అది కనపడదు. మావాణ్ణి పక్కగా గడ్డిలో బోర్లా పడుకోబెట్టి, బంతి దారం పైనుంచి పోయిందో కిందనుంచి పోయిందో రాయమంది. వాల్టర్ క్యాచర్ నెత్తిమీదుగా, తను సందులోంచి చూస్తూ ఎవరి కాగితం మీద వాళ్ళు రాసుకోవాలి. పిచర్ ముప్ఫై బంతులు విసిరాడు, అన్నీ మోకాలి దగ్గరే.

మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. మా అమ్మాయి తప్పులు రెండు. వాల్టర్ తప్పులు పదకొండు.

వాల్టర్ తప్పులు మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. తన పరుపు కింద పెట్టి, వెళ్ళి ఆ సందులో మోకాళ్ళు వంచి నిలబడి, ఇంకో ఐదు వెయ్యమన్నాడు. అవి చూసి, "ఇరవై ఏళ్ళుగా నేను క్యాచర్ టోపీ చూస్తున్నానన్నమాట" అన్నాడు.

"ఫైనల్లో నన్ను ఎక్కడ నిలబడమంటారు?" అని అడిగింది దేవకుమారి.

"ఇక్కడే."

ఆ ఫైనల్ ఆఖర్లో బంతి మోకాలి కిందుగా వచ్చింది. క్యాచర్ మాయచేసి పైకి లాగి చూపించాడు. అది స్ట్రైకైతే ఆట ముగిసి పిచర్ జట్టు గెలిచినట్టే; గెలిచేశామని సగం జనం లేచి నిలబడ్డారు. మా అమ్మాయి బాల్ అంది. పిచర్ చేతులు చాచి, కంచె అవతలున్న వాల్టర్ కేసి తిరిగాడు.

"ఆవిడ చూసింది. నువ్వు ఆడు" అన్నాడు వాల్టర్.

లేచినవాళ్ళంతా కూర్చున్నారు.

మరుసటి వేసవికి వాల్టర్ అంపైర్లందరికీ పల్చటి కవచాలు తెప్పించి, నిలబడటం నేర్పమని దేవకుమారికి అప్పగించాడు. ఆరడుగుల మగాళ్ళని ఆరుగురిని వరసగా నిలబెట్టి మోకాళ్ళు వంచమంది. వంచనన్నవాడొకడుంటే, వాణ్ణి ఇంటికి పొమ్మంది.